‘ఫిట్ ఫర్ సెడెంటరీ వర్క్’: కాలు పోయిన స్టాఫ్ నర్సు తిరిగి డ్యూటీకెక్కిన కేసు

ఈ కేసు రాయడానికి సిస్టర్ ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు చోట్ల కొట్టేశారు కూడా. ఆ రెండూ ఇక్కడ లేవు. పేరు, ఊరు, ఆసుపత్రి తీసేశాను, గుర్తుపట్టడానికి వీలున్న చిన్నచిన్న సంగతులు కొన్ని మార్చాను. ఆసుపత్రిలో నర్సును పేరుతో పిలిచేవాళ్ళు ఎలాగూ తక్కువే కాబట్టి ఇక్కడా సిస్టర్ అనే అంటాను.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. మన దగ్గర ఆ మాట చెప్తే ‘అంటే ఫిజియోనే కదా’ అంటారు. ఫిజియో మనిషిని నడిపిస్తారు. నడిచి వెళ్ళిన ఆ మనిషి వంట చేసుకోగలడా, బస్సెక్కగలడా, ఉద్యోగం నిలబెట్టుకోగలడా అన్నది మా లెక్క. ఈ కేసులో నా లెక్క చాలా చోట్ల తప్పింది. దాన్ని రాయడానికి ముఖ్య కారణం అదే.

నేపథ్యం

సిస్టర్‌కు 34 ఏళ్ళు. జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివారు. 11 ఏళ్ళ సర్వీసులో ఏడేళ్ళు ఐసీయూలోనే. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ప్రైవేటు ఆసుపత్రి. పొద్దున డ్యూటీకి స్కూటీ మీద వస్తుంటే లారీ తగిలింది. ఎడమ పాదం, మడమ నలిగిపోయాయి. కాలు నిలబెట్టాలని డాక్టర్లు కొన్నాళ్ళు చూశారు. ఇన్ఫెక్షన్ పైకి పాకడం మొదలయ్యాక మోకాలి కింద తీసేశారు. మోకాలు దక్కింది. ఆ మాట విని ‘హమ్మయ్య’ అనుకునేది మా వృత్తిలో వాళ్ళమే. మోకాలు ఉన్న మనిషి కట్టుడు కాలితో నడిచే నడకకూ, మోకాలు కూడా పోయిన మనిషి నడకకూ శ్రమలో పోలికే ఉండదు.

జీతం నెలకు 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, ఉంది. అయినా మొదటి రెండు నెలలు అక్కణ్ణుంచి రూపాయి రాలేదు. ప్రమాదం ఆసుపత్రి గేటు బయట జరిగింది కదా, అది డ్యూటీలో దెబ్బ ఎలా అవుతుందని ఆసుపత్రి క్లర్కు ఫారం 12, అంటే యాజమాన్యం పంపాల్సిన యాక్సిడెంట్ రిపోర్టు, పంపలేదు. 2010లో ఈఎస్ఐ చట్టంలో 51ఈ అనే సెక్షన్ చేర్చారు. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో, పని నుంచి ఇంటికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదాన్ని, వేళకూ దారికీ ఉద్యోగానికీ పొంతన చూపించగలిగితే, పనిలో జరిగిన గాయంగానే లెక్కిస్తారు. డ్యూటీ రోస్టరు, పోలీసు ఎఫ్ఐఆర్‌లో ఉన్న టైము పక్కపక్కన పెడితే ఆ పొంతన కళ్ళ ముందే ఉంది. అవి జతచేసి రిపోర్టు పంపించాక, జీతంలో 90 శాతం లెక్కన తాత్కాలిక వైకల్య భృతి రావడం మొదలైంది.

ఆమె తెచ్చిన మూడు కాగితాలు

మా సెంటర్‌కు వచ్చేసరికి ఆపరేషనై నాలుగు నెలలు. తాత్కాలిక కట్టుడు కాలితో, చేతికర్ర పట్టుకుని నడుస్తున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా కాలు చూపిస్తారు. ఈమె సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచారు.

ఒకటి సర్జన్ రాసిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ‘ఫిట్ ఫర్ సెడెంటరీ వర్క్’, అంటే కూర్చుని చేసే పనికి తగును. ఇంకొకటి సదరం సర్టిఫికెట్, 60 శాతం వైకల్యం. మూడోది హెచ్ఆర్ లేఖ. నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కాళ్ళ వైకల్యం 50 శాతం దాటినవారు నర్సింగ్‌కు అర్హులు కారు కనుక, సానుభూతితో ఆమెను ఇన్సూరెన్స్ డెస్కుకు మారుస్తున్నామని రాశారు.

‘‘సార్, నేను నర్సునా కాదా? అదొక్కటి చెప్పండి’’ అన్నారు.

హెచ్ఆర్ చెప్పిన నిబంధన నాకూ తెలుసు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కోర్సు ప్రవేశాల్లో 5 శాతం సీట్లు కాళ్ళకు 40 నుంచి 50 శాతం వైకల్యం ఉన్నవాళ్ళకు కేటాయిస్తుంది. అది కాలేజీలో సీటు ఇచ్చేటప్పుడు చూసే లెక్క. చదువు పూర్తిచేసి, రిజిస్ట్రేషన్ ఉండి, 11 ఏళ్ళు పనిచేసిన మనిషి రిజిస్ట్రేషన్‌కు దానితో సంబంధం లేదు. కాబట్టి కాగితం ప్రకారం ఆమె నర్సే. కానీ ఆమె అడిగింది కాగితం గురించి కాదని నాకు తెలుసు.

సదరంలో ఉన్న 60 శాతం మీద కూడా ఒక మాట. అది కాలు ఎంత మేర పోయిందో చెప్పే అంకె. మనిషి పనిలో అరవై వంతులు పోయాయని కాదు. అదే 60 శాతం ఒక టైలరుకు ఒకలా, ఒక గీత కార్మికుడికి ఇంకోలా ఉంటుంది. ఈ తేడా చెప్పడానికి హెచ్ఆర్‌తో నాకు మూడు ఫోన్లు పట్టింది.

ఇక ఆ ఫిట్‌నెస్ సర్టిఫికెట్. సర్జన్‌ను నేను తప్పుపట్టను. డిశ్చార్జి నాడు, కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు, అది సరైన మాటే. కానీ కింద గడువు వేయలేదు. గడువు లేని సర్టిఫికెట్ జీవితకాలపు తీర్పైపోతుంది.

మొదటి ప్రయత్నం: ఇన్సూరెన్స్ డెస్కు

డెస్కు పనికి ఒప్పుకోమని చెప్పింది నేనే. జీతం ఆగదు, ఆసుపత్రితో తెగతెంపులు కావు, ఈలోపు నడక మెరుగవుతుంది, ఆ తర్వాత వార్డు సంగతి మాట్లాడొచ్చు అనుకున్నాను. కాగితం మీద తిరుగులేని ఆలోచన.

ఏడు వారాల తర్వాత కొలిచి చూస్తే ఎడమ మోకాలు పూర్తిగా చాపుకోవడం లేదు. ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతుల ఫైళ్ళు, ఆరోగ్యశ్రీ కాగితాలు, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో. మోకాలి కింద కాలు తీసినవాళ్ళకు గంటల తరబడి మోకాలు వంచి కూర్చోవడం కంటే చెరుపు ఇంకోటి లేదు. వెనక కండరాలు బిగుసుకుంటాయి, మోకాలు వంకరగా నిలబడిపోతుంది, తర్వాత ఏ కట్టుడు కాలైనా సరిగ్గా కూర్చోదు. ఇది మా మొదటి సంవత్సరం పాఠం. ‘కూర్చునే పని’ అన్న మాటలో ఉన్న చల్లదనానికి నేనూ పడిపోయాను.

రెండో నష్టం కొలవడానికి వీల్లేనిది. డెస్కు వాళ్ళకు నర్సింగ్ క్లాసులుండవు, కాబట్టి రిజిస్ట్రేషన్ రిన్యువల్‌కు కావలసిన సీఎన్ఈ (ఉద్యోగంలో ఉంటూ నేర్చుకునే నర్సింగ్ క్లాసుల) గంటలు కలవవు. వార్డు వాట్సాప్ గ్రూపులోంచి ఎవరో తీసేశారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, రోస్టరు మారింది కాబట్టి. ‘‘నా పాత పేషెంట్ల చుట్టాలు కౌంటర్‌కొచ్చి, సిస్టర్ లేదా అని నన్నే అడుగుతున్నారు సార్’’ అన్నారు ఒక రోజు. తెల్ల యూనిఫాం లేకపోతే ముఖం కూడా గుర్తుండదన్నమాట.

చట్టంతో చేసిన పొరపాటు

తిరిగి వార్డుకు పంపమని నేను లేఖ రాశాను. అందులో 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) ఉదహరించాను. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పోస్టుకు పనికిరాకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి, అదీ లేకపోతే దొరికేదాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి అంటుంది ఆ సెక్షన్. బలమైన సెక్షనే. కానీ అది ప్రభుత్వ సంస్థలకు. ఆసుపత్రి లాయరు రెండు వాక్యాల్లో ఆ సంగతి గుర్తుచేశాడు. ఆయన రాసింది నిజం. ఆ తర్వాత నెల రోజులు నేను ఏం చెప్పినా ‘ఈయనకు పూర్తిగా తెలియదు’ అన్నట్టే విన్నారు.

ప్రైవేటు సంస్థ దగ్గర ఎత్తాల్సిన మాటలు వేరే ఉన్నాయి. అదే చట్టంలో సెక్షన్ 21 ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసుకోవాలి. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు అందులో ఏం రాయాలో 2017 నిబంధనలు చెప్తాయి. వికలాంగులకు తగిన పోస్టులేవి, వాళ్ళకు ఏ సదుపాయాలు కల్పిస్తారు అన్నవి అందులో ఉండాలి. సెక్షన్ 3 వైకల్యం కారణంగా వివక్ష చూపొద్దంటుంది. రీజనబుల్ అకామడేషన్ అంటే సంస్థ మీద మోయలేని భారం పడకుండా చేయగలిగిన మార్పులూ సర్దుబాట్లూ అని చట్టమే అర్థం చెప్పింది. రెండోసారి వెళ్ళినప్పుడు నేను సెక్షన్లు చదవలేదు. ‘మీ సమాన అవకాశాల విధానం కాపీ ఒకటి ఇస్తారా?’ అని మాత్రం అడిగాను. లేదు. మాట అక్కణ్ణుంచి మర్యాదగానే నడిచింది.

రెండో ప్రయత్నం: ఐసీయూ గుమ్మం

సిస్టర్ కోరిక ఐసీయూనే. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ నెల రోజుల ట్రయల్‌కు ఒప్పుకున్నారు. వెళ్ళేముందు మా సెంటర్‌లో అన్నీ పరీక్షించాం. ఆరు నిమిషాల నడక బాగుంది. బొమ్మ మీద సీపీఆర్ చేయించాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. స్టూలు మీద నిలబడి రెండేసి నిమిషాల చొప్పున తడబడకుండా చేశారు. స్టూలు ఎక్కడం దిగడం ఒక్కటే సాధన అవసరమైంది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కట్టుడు కాలు ముందు.

మొదటి రోజు నేనూ వెళ్ళాను. ఐసీయూ గుమ్మం దగ్గరే ఆగిపోయాం.

మన ఆసుపత్రుల్లో ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలిసిస్ గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలి రబ్బరు స్లిప్పర్లు వేసుకోవాలి. ఇన్నేళ్ళలో ఆ స్లిప్పర్ల స్టాండును నేను వెయ్యిసార్లు చూసుంటాను. సిస్టర్ బూటు విప్పి స్లిప్పరులో పాదం పెట్టారు, రెండడుగులు వేశారు, గోడ పట్టుకున్నారు.

కట్టుడు పాదాన్ని ఒక మడమ ఎత్తుకు అమరుస్తారు. ఆమె బూటుకు మడమ సుమారు అంగుళం ఎత్తు. ఆ మడమ తీసేసి చదును స్లిప్పరు వేస్తే పిక్క భాగం మొత్తం వెనక్కి వాలుతుంది, మోకాలు వెనక్కి తోసుకుపోతుంది, మనిషికి ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్టే ఉంటుంది. పైగా స్లిప్పరును పట్టి ఉంచేది వేళ్ళు. ఈ పాదానికి పట్టు లేదు. నాలుగో అడుగులో స్లిప్పరు వెనకే ఉండిపోయింది.

రెండు దారులు తోచాయి. ఒకటి, ఏ చెప్పూ లేకుండా నడవడానికి అనువైన జైపూర్ పాదానికి మారడం. 1968 ప్రాంతంలో ఆ పాదం తయారైందే చెప్పుల్లేకుండా నడిచే, గొంతుక్కూర్చునే మనవాళ్ళ కోసం. కానీ లోపల చెప్పుల్లేకుండా, బయట బూటుతో అంటే మడమ ఎత్తు మళ్ళీ మారుతుంది, గొడవ మొదటికొస్తుంది. రెండోది, ఆమె బూటు లాంటిదే, అదే మడమ ఎత్తున్న మూసిన బూటు జత ఒకటి ఐసీయూ లోపలే ఉంచడం. తుడవడానికి వీలైన మెటీరియల్, గుమ్మం దాటి బయటికి రాదు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ను అడిగితే, ‘‘లోపలి బూటు లోపలే ఉంటే నాకేం అభ్యంతరం?’’ అన్నారు. ఖర్చు ఏడొందలు. గుమ్మం దగ్గర స్టూలు వేసి, అక్కడ కూర్చుని మార్చుకునే ఏర్పాటు చేశాం. నేను చాలా తెలివైన పని చేశానని ఆ సాయంత్రం బస్సులో అనుకున్నాను.

తొమ్మిదో డ్యూటీకి పుండు పడింది.

ఏం తప్పింది

కాలు తీసిన చోటు, మేం స్టంప్ అంటాం, రోజంతా ఒకే లావు ఉండదు. పొద్దున నిండుగా ఉంటుంది. నడిచేకొద్దీ సన్నబడుతుంది. కట్టుడు కాలిలో స్టంప్ కూర్చునే గుంట, అంటే సాకెట్, వదులై, ఎముక చివర అడుక్కి దిగి ఒరుసుకుంటుంది. అందుకే రోజులో రెండు మూడుసార్లు కాలు విప్పి, చెమట తుడుచుకుని, ఇంకో పొర సాక్సు వేసుకోవాలి. ఐదు నిమిషాల పని. సిస్టర్‌కు అది క్షుణ్ణంగా తెలుసు. మా దగ్గర చక్కగా చేసేవారు. అయినా ఐసీయూలో పన్నెండు గంటల నైట్ డ్యూటీలో ఒక్కసారీ చేయలేదు.

ఎందుకు చేయలేదని అడిగితే ‘టైం దొరకలేదు సార్’ అన్నారు. నమ్మి, ‘బ్రేకు ఇప్పించండి’ అని సూపరింటెండెంట్ గారికి రాశాను. అసలు సంగతి నాకు చెప్పింది ఐసీయూ ఆయమ్మ.

‘‘బ్రేకిస్తే ఏం జేస్తది సార్? ఆ పాయింటు పిక్కల కాడ బిర్రుగుంటది, మోకాలు మీదికి రాదు. కాలు ఇప్పాల్నంటె పాయింటంత ఇప్పాలె. డ్యూటీ రూముల డాక్టర్లు గూడ పండుకుంటరు. యాడ ఇప్పుతది?’’

మగవాణ్ణి కాబట్టి తట్టలేదని సరిపెట్టుకోవచ్చు. కానీ పనిచోటు చూసి రావడమే నా ఉద్యోగం. నేను మంచం ఎత్తు కొలిచాను, కారిడారు పొడవు కొలిచాను. ప్యాంటు అంచు కొలవలేదు.

పుండు విషయం కూడా మూడు రోజులు దాచారు. ‘కాలు బాగానే ఉంది సార్’ అనే ఫోన్లో చెప్పారు. కాలు చెడిందంటే ట్రయల్ ఆగిపోతుందని భయం. ట్రయల్ అన్న మాటే ఆ భయం పుట్టించిందని నాకిప్పుడు అనిపిస్తుంది. పరీక్షలో ఉన్న మనిషి నొప్పి ఎందుకు చెప్తాడు?

మూడు వారాలు కట్టుడు కాలు వేసుకోకుండా ఇంట్లో ఉన్నారు. ఇంట్లో చర్చ అటు తిరిగింది. ఈఎస్ఐ మెడికల్ బోర్డు శాశ్వత వైకల్యం తేల్చి నెలనెలా డబ్బు ఇస్తుందట, మళ్ళీ ఉద్యోగం చేస్తే అది ఆగిపోతుందట, ఉన్నది ఊడగొట్టుకోవడమెందుకని భర్త వాదన. ఆయన చెడ్డవాడు కాడు, లెక్కలేసే మనిషి. ఆయన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. శాశ్వత వైకల్య భృతి సంపాదన శక్తి ఎంత పోయిందో బోర్డు తేల్చినదాన్ని బట్టి వస్తుంది, బతికినంత కాలం వస్తుంది, ఉద్యోగం చేసుకుంటూ జీతంతోపాటు తీసుకోవచ్చు. ‘‘రాతపూర్వకంగా ఎక్కడుంది?’’ అన్నారు. బ్రాంచి ఆఫీసుకు తీసుకెళ్ళి అక్కడివాళ్ళతోనే చెప్పించాను. ఆ ఒక్క పూటతో ఇంట్లో అడ్డు తొలగింది. దీన్ని మొదటి వారంలోనే చేయాల్సింది.

డ్యూటీని విప్పి చూడడం

పుండు మానే ఆ మూడు వారాల్లో, మొదటే చేయాల్సిన పని చేశాను. సూపరింటెండెంట్ మేడమ్ అనుమతితో ఐసీయూలో ఒక నర్సు వెనక, డయాలిసిస్‌లో ఒక నర్సు వెనక పూర్తి డ్యూటీ తిరిగాను. ఇద్దరి నడుముకూ అడుగులు లెక్కపెట్టే మీటర్లు. ప్రతి పనికీ ఒక గీత: నిలబడి చేసిందా, నడుస్తూ చేసిందా, బరువు మోసిందా, తడి నేల మీదనా, పరుగెత్తాల్సి వచ్చిందా.

ఐసీయూ నర్సు పన్నెండు గంటల్లో 8,000 అడుగులు దాటింది. డయాలిసిస్ నర్సు ఎనిమిది గంటల్లో 4,000 కూడా నడవలేదు. అడుగుల కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది వాటి పంపకం. ఐసీయూలో ఎప్పుడు ఊపిరి పీల్చుకోవచ్చో ఎవరూ చెప్పలేరు. డయాలిసిస్‌లో మిషన్ ఎక్కించాక నాలుగు గంటలు పేషెంటు అక్కడే ఉంటాడు. గంటగంటకూ బీపీ, మధ్యలో అలారాలు. హడావిడంతా మొదట్లో, చివర్లో. మధ్యలో ఐదు నిమిషాలు తీసుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. పేషెంట్లందరూ నాలుగు గజాల దూరంలో కనిపిస్తూ ఉంటారు.

డయాలిసిస్ పేరు చెప్పగానే సిస్టర్ ముఖం చిన్నబోయింది. ‘‘అది కూడా డెస్కు లాంటిదే కదా సార్.’’ ఆమెను ఒప్పించింది నేను కాదు, అక్కడి సీనియర్ టెక్నీషియన్. ఐసీయూలో మంచం పక్కన చేసే నిదాన డయాలిసిస్ మిషన్‌ను ఆమె అంతకుముందే నడిపారు. ఆ సంగతి తెలిసిన టెక్నీషియన్, ‘‘మీలాంటివాళ్ళు ఒక్కరుంటే బీపీ పడిపోయినప్పుడు నేను ఫోన్ పట్టుకుని పరుగెత్తనక్కర్లేదు’’ అన్నాడు. తన అవసరం ఎక్కడుందో విన్నాక ఆమె ప్రశ్నలు మారిపోయాయి.

నిలబడిన ఏర్పాటు

యూనిఫాంతో మొదలుపెట్టాం. దర్జీ దగ్గర ఎడమ ప్యాంటు కాలికి లోపలి కుట్టు విప్పి, చీలమండ నుంచి మోకాలి పైదాకా జిప్పు వేయించాం. నిలబడితే కనిపించదు. స్టోరు గదిలో తెర, కుర్చీ, హ్యాండ్ శానిటైజర్, సాక్సుల డబ్బా. సెషన్ మధ్యలో ఒకసారి, రెండు సెషన్ల మధ్య ఒకసారి, కాలు బాగున్నా సరే విప్పి చూడడం నియమం. ‘నొప్పి ఉంటే చూసుకోండి’ అని మొదట చెప్పాను, దాన్ని ‘గడియారం చూసి చూసుకోండి’ అని మార్చాను. నొప్పి దాచే అలవాటున్న మనిషికి నొప్పిని గుర్తుగా పెట్టకూడదు.

ఫిస్టులా, అంటే డయాలిసిస్ కోసం చేతిలో ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం, అందులోకి సూదులు, 16 గేజివి, చక్రాల స్టూలు మీద కూర్చునే గుచ్చుతారు. నిజానికి వంగి గుచ్చడం కంటే చేతికి అదే నిలకడ. ఇప్పుడు ఆ యూనిట్‌లో రెండు కాళ్ళున్నవాళ్ళు కూడా ఆ స్టూలు కోసం పోటీపడుతున్నారు.

చిక్కు డయాలిసిస్ మిషన్లకు పెట్టే బైకార్బొనేట్ ద్రావణం డబ్బాలతో వచ్చింది. నిండు డబ్బా పది కిలోల పైనే. మోసుకెళ్ళే దారి శుద్ధి చేసిన నీళ్ళ (ఆర్ఓ) లైను పక్కనుంచి, ఎప్పుడూ తడి. కట్టుడు పాదానికి నేల తడిగా ఉందని తెలియదు. చేతిలో బరువుంటే కళ్ళకూ తెలియదు. ఇక్కడ రాజీ వద్దనుకున్నాను. డబ్బాలు ఆమె మోయకూడదు. అయితే ‘పాపం ఆమెది నేను మోస్తాలే’ అని మొదలైన సాయం మూడో నెలకు సణుగుడైపోతుంది, చాలా చోట్ల చూశాను. అందుకని మార్పిడి పెట్టాం. నాలుగు మిషన్ల డబ్బాలు టెక్నీషియన్ మోస్తాడు. గుచ్చడం కష్టమైన ఫిస్టులాలు, అతనికి తలనొప్పిగా ఉండే కేసులు, ఆమె గుచ్చుతారు. డ్యూటీ చార్టులోనే రాయించాం. ఎవరూ ఎవరికీ రుణపడలేదు.

మేనేజ్‌మెంట్ భయం ఒక్కటే మిగిలింది: రేపు పేషెంటుకేమైనా అయితే? మొదట మళ్ళీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగారు. నేను వద్దన్నాను. ఫిట్, అన్‌ఫిట్ అన్న రెండు గళ్ళ కాగితం వల్లే కదా ఇంత దూరం వచ్చింది. ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కోసం ఆ ఆసుపత్రి ప్రతి నర్సుకూ ప్రివిలేజింగ్ ఫారం నింపుతుంది. ఏ పని ఒంటరిగా చేయొచ్చు, ఏది పక్కన సీనియర్ ఉండగా చేయాలి, ఏది చేయకూడదు, ఒక్కోదానికి ఒక్కో సంతకం. అందరికీ వాడే అదే ఫారం ఈమెకూ నింపమన్నాను. మూడు నెలలు సీనియర్ పక్కన పనిచేశాక ఒక్కో పనికీ సంతకం పడింది. బీపీ పడిపోయే సందర్భానికి డ్రిల్లు పెట్టాం: గదిలో అటు చివర నిలబెట్టి, ఇటు చివరి మిషన్ దగ్గర అలారం మోగించి, వచ్చి యూఎఫ్ (ఒంట్లోంచి నీరు తీయడం) ఆపి, పేషెంటు తల దించి, సెలైన్ వదిలేదాకా గడియారం. ఆమెకొక్కదానికే కాదు, యూనిట్‌లో అందరికీ పెట్టమన్నాను. ఆమె అందరికంటే ముందూ కాలేదు, వెనకా కాలేదు. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

నైట్‌ల గొడవ వస్తుందని తెలుసు, వచ్చింది. ‘నైట్‌లన్నీ మాకేనా?’ అని పాత వార్డు వాళ్ళు సూపరింటెండెంట్ దగ్గరికెళ్ళారు. వాళ్ళ మాటా సబబే. డయాలిసిస్‌లో నైట్ లేదు గానీ రాత్రిపూట అత్యవసర కేసులకు ఆన్‌కాల్ ఉంటుంది. ఒక పేషెంటు, నాలుగు గంటలు, నడక తక్కువ. వారానికి రెండు ఆన్‌కాల్‌లు సిస్టరే అడిగి తీసుకున్నారు. మాట ఆగింది.

డిసెంబరు 3 ముందు వారం ఆసుపత్రి మార్కెటింగ్ వాళ్ళు ఫొటోగ్రాఫర్‌ను పంపారు. అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం కదా, ప్యాంటు కొంచెం పైకెత్తి మిషన్ పక్కన నిలబడితే పోస్టరు వేస్తామన్నారు. సిస్టర్ వద్దన్నారు. ‘‘నేను గుచ్చుతుంటే తీసుకోండి, కాలు పడకుండా’’ అన్నారట. వాళ్ళకది అక్కర్లేకపోయింది.

నా పద్ధతిలో మారినవి

పనికి తిరిగి వెళ్ళే కేసుల్లో సర్జన్ సర్టిఫికెట్ మీద గడువు తేదీ, ‘ఫలానా పనులు వద్దు’ అన్న జాబితా రాయమని ఇప్పుడు ముందే అడుగుతున్నాను. చాలామంది రాస్తున్నారు. ఎవరూ అడగకపోవడమే ఇన్నాళ్ళూ అడ్డు. ట్రయల్ అన్న మాట మానేసి ‘మొదటి నెల ఏర్పాటు’ అంటున్నాను, అందులో ఏం చెడితే ఏం మారుస్తామో ముందే రాస్తున్నాను. పనిచోటుకు వెళ్ళినప్పుడు మొదట ఆయమ్మతో, తర్వాతే అధికారులతో మాట్లాడుతున్నాను. నా కొలతల ఫారంలో రెండు గళ్ళు కొత్తగా చేరాయి: గుమ్మం దగ్గర చెప్పులు, బట్టలు విప్పుకునే చోటు.

తేలని సంగతి ఒకటుంది. డయాలిసిస్‌కు వచ్చి ఏడాదిన్నర దాటింది, పుండు మళ్ళీ పడలేదు, శాశ్వత సాకెట్ వచ్చింది. అయినా సిస్టర్ ఐసీయూ మాట వదల్లేదు. పన్నెండు గంటల డ్యూటీని ఆరు గంటలుగా ఇద్దరికి పంచడానికి సూపరింటెండెంట్ మేడమ్ ఒప్పుకోవడం లేదు, హ్యాండోవర్లు పెరిగితే తప్పులు పెరుగుతాయని. ఆ వాదనలో బలముంది, దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. పోయిన నెల వెళ్ళినప్పుడు ఐసీయూ గుమ్మం దగ్గర స్టాండు చూశాను. కింది అరలో ఆమె లోపలి బూట్ల జత అలాగే ఉంది. ఎవరు తుడుస్తున్నారో గానీ దుమ్ము లేదు.